సాక్షి ముక్క

నోటి దాకా వచ్చిన ముక్క ఆగిపోయిన రోజు నా బతుకులో లేదు. జ్వరంలో తిన్నాను. పన్ను పీకించుకొని వచ్చిన పూట రెండో దవడతో తిన్నాను. మా ఆవిడ పురిటి నొప్పులు పడుతుంటే గది బయట నిలబడి, ఒక చేత్తో దేవుడికి దండం పెడుతూ రెండో చేత్తో తిన్నాను. ఈ చివరి మాట మా ఆవిడ దగ్గర అనకండి, ఆమెకు ఇప్పటికీ మొదటి చెయ్యి సంగతే తెలుసు.

ఇక పోయిన వారం కథ దగ్గరకు వద్దాం. చదవని వాళ్లు కంగారు పడనక్కర్లేదు, చదివిన వాళ్లకు కూడా సగమే గుర్తుంటుందని నాకు తెలుసు. మాది మాంసం కొట్టు. మా తాత పెట్టింది. ఆయన వేటు పడితే మేక రెండయ్యేది గానీ, ఆ సంగతి రెండు సగాలకూ తెలియడానికి కాసేపు పట్టేదట. ఆ చెయ్యి మా నాన్నకు వచ్చింది, నాకు వచ్చింది, నా కొడుకు దగ్గరకు వచ్చేసరికి దారి తప్పింది. వాడు నెత్తురు చూస్తే కళ్లు తిరిగి పడిపోతాడు. అదే మాంసం గిన్నెలో కనబడితే మాత్రం వాడంత ధైర్యవంతుడు లేడు. అందుకని కత్తి కోడలి చేతికిచ్చాను. ఇచ్చిన రోజు వీధంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లే ఇప్పుడు "అమ్మాయి కోసిందే కావాలి" అని పట్టుబట్టి నిలబడుతున్నారు.

మా కొట్టుకు ఒక అలవాటుంది. పొద్దున్నే మొద్దు మీద కోసిన మొదటి మాంసంలోంచి ఒక ముక్క తీసి, ఉప్పు రాసి, గుమ్మం ముందు కుంపటి మీద కాల్చి, కత్తి పట్టిన మనిషి అందరూ చూస్తుండగా తినాలి. ఆ తర్వాతే అమ్మకం. దాన్ని సాక్షి ముక్క అంటాం. మా నోటికి పనికొచ్చిందే మీ ఇంటికి వస్తుందని నోరు విప్పకుండా చెప్పడం అన్నమాట.

ఆ సాక్షి ముక్కనే మా కోడలు కొన్నాళ్లుగా నోట్లో పెట్టుకొని, నమిలినట్టు దవడ ఆడించి, లోపలికి వెళ్లి గుడ్డలోకి ఊసేస్తోంది. ఎదురుగా టైలరు కొట్టుంది. ఆ టైలర్ని మేం గుండుసూది అంటాం, సన్నగా ఉంటాడు, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ దిగుతాడు. బట్టలు వేసుకొని చూసుకోవడానికి పెట్టిన నిలువుటద్దంలో వాడికి మా వెనకగది కనబడుతుంది. పోయిన వారం కథ వాడి అరుపు దగ్గర ఆగింది.

"ఊసేసింది! సొంత కొట్టు మాంసం తనే ఊసేసింది!"

ఆ అరుపు వీధి చివరి దాకా వెళ్లి, అక్కడ పనేం లేక వెనక్కి తిరిగింది. తిరిగొచ్చేటప్పుడు ఒంటరిగా రాలేదు. రొట్టెలాయన పిండి చేతులతోనే వచ్చాడు. కుట్టు సగంలో వదిలేసి గుండుసూది వచ్చాడు. అందరి వెనక, తొందర లేకుండా, హోటలమ్మ వచ్చింది. మా కొట్టులో కోసినదాంట్లో పెద్ద వాటా వెళ్లేది ఆమె వంటింటికే. ఆమె కళ్లు పెద్దవి చేసి చూస్తే పొయ్యి మీద పొంగుతున్న పాలు ఆగిపోతాయని ఆమె వంటవాళ్లు చెబుతారు. నేను చూడలేదు, కానీ నమ్ముతాను.

"నిజమేనా అమ్మాయ్?" అంది హోటలమ్మ.

కోడలు గుడ్డను వెనక్కి దాచుకుంటుందనుకున్నాను. దాచుకోలేదు. మడత విప్పి మొద్దు మీద పెట్టింది.

"నిజమే పిన్నీ. నేను మాంసం తినడం మానేశాను."

 అందరూ ఒకేసారి మొదలుపెట్టారు.

"ఒంట్లో బాగోలేదా? డాక్టరేమైనా వద్దన్నాడా?" అన్నాడు రొట్టెలాయన.

"బాగానే ఉంది బాబాయ్. పొద్దున సగం మేకను ఒంటిచేత్తో కొక్కేనికి తగిలించాను, చూశావుగా."

"మరి... కడుపుతో గానీ..."

"లేదు బాబాయ్."

"లేకపోతే లేదను, అంత గట్టిగా చెప్పాలా?" అని లోపల్నుంచి మా ఆవిడ గొంతు.

గుండుసూది రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. "అంటే తినే మేమంతా పాపాత్ములమా?"

"నేనన్నానా అన్నయ్యా?"

"నువ్వనకపోయినా నీ మొహం అంటోంది."

"నా మొహం పుట్టినప్పట్నుంచీ ఇంతే."

నవ్వులు. గుండుసూది వెనక్కి తగ్గే రకం కాదు. "ఆకుకూరలకి ప్రాణం లేదా మరి?"

"ఉంది."

"మరి?"

"మరేం లేదు. నువ్వడిగావు, ఉందన్నాను."

పాపం వాడు ఆమె లేదంటుందనుకొని పెద్ద వాదన కుట్టుకొచ్చాడు. దారం అక్కడే తెగింది. అయినా ఊరుకోకుండా, "పాలు?" అన్నాడు.

"తాగుతాను."

"గుడ్డు?"

"ఇంకా తేల్చుకోలేదు."

"ఆ కాళ్లకున్నవి తోలు చెప్పులు కావూ?"

"తోలువే. పాతవి. నీ కళ్లకి అన్నీ కనబడతాయే అన్నయ్యా, మా వాడి చొక్కాకి జేబు కుట్టడం మర్చిపోయావు, అది మాత్రం కనబడలేదు."

మా వాడంటే నా కొడుకే. వాడు జనం వెనక చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. తన పేరు రాగానే ఉన్న ధైర్యమంతా కూడగట్టుకొని అడిగాడు. "మరి... ఇంట్లో నాకు వండుతావా?"

"వండుతాను. ఉప్పు మాత్రం నువ్వే చూసుకోవాలి."

వీధంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. గండం గడిచిందనే అనుకున్నాను. హోటలమ్మ నవ్వలేదు. ఆమె మొద్దు దగ్గరకు వచ్చి, ఆ గుడ్డ వైపు చూసి, మెల్లిగా అంది.

"నువ్వు తింటావో మానతావో నీ ఇష్టం. దాని గురించి నేనడగను. నేను రోజూ ఇక్కడ నిలబడి మీ మావ తినడం చూసి కొన్నదాన్ని. నువ్వు వచ్చాక నువ్వు తినడం చూసి కొన్నాను. ఇన్నాళ్లూ నేను చూసింది ఉత్త దవడేనా?"

కోడలి తల వంగింది.  "అది తప్పే పిన్నీ. చెబితే మామయ్య కత్తి తీసేసుకుంటారని భయపడ్డాను."

"మాంసంలో తేడా ఉందా?"

"లేదు."

"ఉందో లేదో తిననిదానివి నీకెలా తెలుసు? అదీ పోనీ. తిననిదానివి అసలెందుకు కోస్తున్నావు?"

ఈ ప్రశ్నకు ఎవరూ నవ్వలేదు.  కోడలు కత్తి వైపు చూసింది, హోటలమ్మ వైపు చూసింది.

"అది ఇక్కడ చెప్పడం నాకు రాదు పిన్నీ."

హోటలమ్మ నా వైపు తిరిగింది. "పెద్దాయనా, కొట్టు మీది. ఆ కుంపటి చల్లారేలోపు మీ మాట చెప్పండి. లేకపోతే మలుపు దగ్గర అద్దాల మాంసం కొట్టు తలుపులు తీసే ఉన్నాయి."

నేను కోడల్ని వెనకగదిలోకి రమ్మన్నాను. వచ్చింది. కత్తి చేతిలోనే ఉంది. మా వెనకగది చల్లగా ఉంటుంది, కొక్కేలకు ఆ రోజు మాంసం వేలాడుతుంటుంది, తూర్పు వైపు చిన్న కిటికీ, కింద కొవ్వు వేసే బకెట్టు. నేను పుట్టిన మంచం కన్నా ఆ గది నాకు ఎక్కువ తెలుసు.

"చూడమ్మాయ్, రెండే దారులు," అన్నాను. "ముక్క నోట్లో పెట్టు, లేదా కత్తి కింద పెట్టు."

ఆమె కత్తిని నడుముకున్న గుడ్డతో తుడిచింది. ఒకసారి తుడిచాక మళ్లీ తుడిచింది. మేక వెన్ను పొడుగునా వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే చెయ్యి అది. ఆ చెయ్యి మూడోసారి కూడా తుడిచింది.

"పెడతాను మామయ్యా. దొంగతనంగా ఊసేసినందుకైనా పెట్టాల్సిందే. ఈ కోత తప్ప ఏ పనిలోనూ నా చెయ్యి నిలకడగా నిలవలేదని మీకు తెలుసు. అయినా పెడతాను. ముందు ఒకటి చూడండి."

కత్తి బల్ల మీద పెట్టి, బకెట్టు ముందు కూర్చుంది.

మేక పొట్ట విప్పగానే పేగుల మీద దుప్పటిలా ఒక కొవ్వు పొర కప్పుకొని ఉంటుంది. మేం దాన్ని లాగి, ఉండచుట్టి, సబ్బు చేసేవాళ్ల కోసం బకెట్లో విసిరేస్తాం. మా తాత విసిరాడు, మా నాన్న విసిరాడు, నేను చూడకుండానే విసిరేవాణ్ని, గురి తప్పేది కాదు. ఆమె ఆ ఉండ తీసి గోరువెచ్చటి నీళ్లలో ముంచింది. ముడుచుకున్నది మెల్లిగా విచ్చుకుంది. చంటిపిల్లకు తొడిగిన చొక్కా తీసినట్టు అంత నెమ్మదిగా దాన్ని రెండు ముంజేతుల మీదికి ఎత్తుకొని, లేచి, కిటికీకి అడ్డంగా పట్టుకుంది.

అప్పుడే ఎండ ఎదుటి ఇంటి కప్పు దాటింది.

ఏం చెప్పమంటారు? పొర కనబడకుండా పోయింది. అల్లిక మిగిలింది. గాజులా పల్చటి దాని మీద తెల్లటి కొమ్మలు, కొమ్మల్లోంచి రెమ్మలు, రెమ్మల్లోంచి ఇంకా సన్నటి పోగులు, అవి ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వెళ్లి కలుసుకొని గళ్లు గళ్లుగా ముడిపడ్డాయి. ఒక గడిలా ఇంకో గడి లేదు. ప్రతి గడిలోనూ ఎండ. నీటిబొట్లు అంచుల నుంచి జారుతుంటే అల్లికంతా ఊపిరి పీల్చినట్టు కదిలింది. దాని నీడ నా చొక్కా మీద, కొక్కేనికున్న మాంసం మీద, గోడ మీద పడి, ఆ గదంతా ఎవరో లేసుతో చుట్టినట్టయింది. దాని నట్టనడుమ ఒక పక్షి, రెక్కలు రెండూ విప్పుకొని. తోక ఈకలు విడివిడిగా కనబడుతున్నాయి. నేను దగ్గరకు వంగితే కన్ను ఆర్పింది.

"రోజూ చూస్తున్నాను మామయ్యా," అంది కోడలు. పొర వెనక నుంచి ఆమె గొంతు వస్తోంది. "నిన్నటిది ఇలా లేదు. వానలో తడిసిన కిటికీలా ఉంది. మొన్నటిది ఎండిపోయిన చెరువు నేలలా. ఇన్ని చూశాను, ఒక్కటీ రెండోసారి రాలేదు. లోపల చీకటి. ఎవరూ చూడరు. పేగుల మీద కప్పడానికి ఏదో ఒక గుడ్డ చాలదూ? ఇంత పనా?"

నేను నా చొక్కా మీద పడ్డ నీడ వైపు చూసుకున్నాను.

"మొదట్లో చూసేదాన్ని, బాగుందనుకునేదాన్ని, మధ్యాహ్నం కూర్చొని తినేదాన్ని. ఒకరోజు ముద్ద నోట్లో ఉండగా ఇది గుర్తొచ్చింది. ఇక నమలలేకపోయాను. అందరూ అసహ్యం వేసిందనుకుంటారు. నాకు అసహ్యం వెయ్యలేదు మామయ్యా. గదిలోకి ఎవరైనా పెద్దవాళ్లు వస్తే నోట్లో ఉన్నది నమలడం ఆపేసి లేచి నిలబడతాం చూడండి, అలాగైంది."

"మరి కత్తి?" అందామనుకున్నాను. గొంతు రాలేదు. బల్ల మీది కత్తి వైపు చూపించాను.

"కత్తి పట్టుకుంటేనే కదా ఇది కనబడేది. వదిలేస్తే ఇంకెవరో కోస్తారు, ఉండచుట్టి విసిరేస్తారు. చూసేవాళ్లు ఒక్కరైనా ఉండొద్దూ? పిన్ని అడిగినదానికి నా జవాబు ఇదే. వీధిలో నిలబడి ఎలా చెప్పను?"

వేలు చాపి ఆ అల్లిక అంచు తాకాను. తడిగా, ఇంకా గోరువెచ్చగా ఉంది. ఇన్నేళ్లుగా నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లి ఉంటాయి! మా తాత చేతుల మీదుగా, నాన్న చేతుల మీదుగా ఎన్ని! మాలో ఎవరూ ఒక్కటంటే ఒక్కటి విప్పి చూడలేదు. లోకంలో ఇంకెన్ని ఇలా ఉండచుట్టి ఉన్నాయో అనిపించింది. గోడ పట్టుకొని నిలబడ్డాను.

"లోపల ఏం చేస్తున్నారిద్దరూ? బొగ్గులు బూడిదవుతున్నాయి!" అంటూ మా ఆవిడ తలుపు తోసింది. నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. "అమ్మాయ్, మీ మామయ్యకేమైంది? మాట్లాడట్లేదేంటి?"

"బాగానే ఉన్నారత్తయ్యా."

"మాట్లాడకుండా ఉన్నాడంటే బాగున్నట్టా? నీకేం తెలుసు, నేను కాపురం చేసినదాన్ని. మంచినీళ్లు తీసుకురా, డాక్టర్ని పిలవండి!"

డాక్టరు వద్దని చెయ్యి ఊపాను. బల్ల మీది కత్తి తీసుకొని, కోడలు పొరను నీళ్లలోకి దించేదాకా ఆగి, పిడి ఆమె వైపు తిప్పి చేతిలో పెట్టాను. అప్పటికి గొంతు వచ్చింది.

"ఇది నీది. నేను అడిగినా ఇవ్వకు."

ఆమె కత్తి అందుకుంది. ఈసారి తుడవలేదు. కళ్ల సంగతి నేను చెప్పను, నావి కూడా అప్పుడు అంత పొడిగా లేవు.

బయటికి వచ్చాం. జనం ఒక్కరూ కదల్లేదు. గుండుసూది తన నిలువుటద్దాన్ని గుమ్మంలోకి ఈడ్చుకొచ్చి మా వైపు తిప్పి పెట్టుకున్నాడు, అటు తిరిగి నిలబడ్డా ఏదీ తప్పిపోకుండా.

"వినండి," అన్నాను. "ఈ కొట్టులో కత్తి నా కోడలిది. ఆమె మాంసం తినదు. ఎందుకు తినదో తెలుసుకోవాలంటే వెనకగదిలోకి వచ్చి చూడండి, నోటితో చెప్పడం నాకూ రాదు. ఇక సాక్షి ముక్కంటారా, నేను లేనూ? చెయ్యి ఆమెది, నోరు నాది. నా నోరెలాంటిదో ఈ వీధికి తెలుసు."

"తెలుసు, తెలుసు," అన్నాడు రొట్టెలాయన, కాస్త ఎక్కువ తొందరగానే.

హోటలమ్మ కాసేపు నన్ను చూసింది, కోడల్ని చూసింది. "సరే పెద్దాయనా. అమ్మాయి ఊసేశానని నా మొహం మీద ఒప్పుకుంది, అది నాకు నచ్చింది. మీరు తింటే నేను కొంటాను. మీరు కూడా ఆపిన రోజు ఈ గుమ్మం తొక్కను. ఇవాళ్టితోనే మొదలుపెట్టండి."

కోడలు తొడ నుంచి ఒక ముక్క కోసి, ఉప్పు రాసి, మిగిలిన నిప్పుల మీద పెట్టింది. కొవ్వు కరిగి నిప్పుల్లో పడి మండింది. ఆ వాసనకు నా కడుపులో ఎప్పుడూ లేచేది లేచింది. ఆకలే, అబద్ధం చెప్పను. ముక్కను ఆకులో పెట్టి నా చేతికిచ్చింది. నేను దాన్ని రెండు వేళ్లతో పట్టుకొని, అందరికీ కనబడేలా ఒకసారి పైకెత్తాను. మా నాన్న అలాగే ఎత్తేవాడు. తర్వాత నోటి దగ్గరకు తెచ్చాను.

ఎండ ముక్క అంచు మీద పడింది. అంచున ఒక తెల్లటి పోగు. దాంట్లోంచి ఇంకా సన్నటిది ఇంకొకటి. అవి రెండూ వెళ్లి ముడిపడిన చోట, కళ్లు చికిలిస్తే తప్ప కనబడని ఒక గడి. గడిలో వెలుతురు.

చెయ్యి ఆగింది.

పదమన్నాను. వినలేదు. కోడలు చెప్పినట్టే, ఎవరో పెద్దవాళ్లు తలుపు తీసుకొని లోపలికి వచ్చినట్టనిపించింది. లేచి నిలబడదామనుకుంటే అప్పటికే నిలబడే ఉన్నాను. మొట్టమొదట నేను రాసిన వాక్యం ఉంది చూశారూ, నోటి దాకా వచ్చిన ముక్క ఆగిన రోజు లేదని? దాన్ని కొట్టేయండి. నాకేం బాధ లేదు, అంతకన్నా పెద్ద గొప్పలు నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి.

"ఏంటి పెద్దాయనా, ఆగారు?" అద్దంలోంచి గుండుసూది.

హోటలమ్మ సంచీ మడత పెట్టడం మొదలుపెట్టింది.  పక్కన కోడలు కత్తి పిడిని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తెల్లబడ్డాయి. నాకు ఒక్కడికే వినబడేలా, పెదవులు కదలకుండా, మాంసం ముట్టని మా కోడలు గొణిగింది.

"తినండి మామయ్యా. మీకు దండం పెడతాను, తినండి."

ముక్క పెదవికి తగిలేంత దగ్గర్లో ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చి మీతో ఒక మాట చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ పక్షి ఉంది చూశారూ, రెక్కలు విప్పుకొని కన్ను ఆర్పిన పక్షి? అది లేదు. మేక రెండు సగాల సంగతికి మా తాత పూచీ, పొంగని పాలకు హోటలమ్మ వంటవాళ్లు పూచీ, పక్షికి మాత్రం నేనే పూచీ. ఉత్త కొవ్వు పొర, దాంట్లోంచి ఎండ అని రాస్తే మీకు ఆనదేమోనని భయపడి నేనే దాన్ని తెచ్చి అక్కడ కూర్చోబెట్టాను. రాసి చదువుకున్నాక చూస్తే, ఆ అల్లిక ముందు పక్షే వెలవెలబోతోంది. మిగతాది జరిగింది జరిగినట్టే చెప్పాను.

కాబట్టి ఆ పక్షిని ఎగరగొట్టి, మీరు మళ్లీ ఒకసారి వెనకగదిలోకి వెళ్లి కిటికీ వైపు చూసి రండి. వచ్చే వారం దాకా నేను ముక్క పట్టుకొని ఇక్కడే నిలబడి ఉంటాను.